క్రిస్టియన్ యూనివర్సిటీలో నర్సింగ్ సీటొచ్చింది, మేం హిందువులం, చేర్చొచ్చా?

మిడ్‌వెస్ట్_నాన్న

అందరికీ నమస్తే. మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్, నర్సింగే చేస్తానంటోంది. ఇప్పుడు చేతిలో రెండు అడ్మిషన్లు ఉన్నాయి. ఒకటి మా రాష్ట్రంలోని స్టేట్ యూనివర్సిటీ, ఇన్-స్టేట్ ట్యూషన్, అంటే రాష్ట్రంలో ఉండేవాళ్లకి వేసే ఫీజు, ఏడాదికి 13,000 డాలర్లు. రెండోది ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ప్రైవేట్ క్రిస్టియన్ యూనివర్సిటీ, అండర్‌గ్రాడ్ పిల్లలందర్నీ కలిపినా రెండు వేలు ఉండరు. అక్కడ ట్యూషన్ 38,000, అందులో 20,000 మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. పైగా నర్సింగ్‌లో డైరెక్ట్ అడ్మిట్ అట. స్టేట్ వాళ్లు మాత్రం లెటర్‌లో ప్రీ-నర్సింగ్ అని రాశారు.

ఈ ప్రైవేట్ వాళ్ల బ్రోషర్లు వరసపెట్టి వస్తున్నాయి. చిన్న క్లాసులు, పేరు పెట్టి పిలిచే ప్రొఫెసర్లు, కుటుంబంలాంటి వాతావరణం, విశ్వాసం, సేవ, ప్రతి దాంట్లోనూ ఇవే, పచ్చిక మీద కూర్చుని నవ్వే పిల్లల ఫొటోలతో సహా. ఆ ఫొటోల వెనక ఏముందో నాకు తెలియాలి. మేం హిందువులం, మామూలుగా పూజలూ పండగలూ చేసుకుంటాం, మరీ పట్టింపులు లేవు. కానీ బంధువులు ఫోన్ చేసి "స్కాలర్‌షిప్ పేరు చెప్పి మతం మారుస్తారు" అంటున్నారు, మా ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. అమ్మాయికేమో ఆ క్యాంపస్ తెగ నచ్చేసింది. చాపెల్‌కి వెళ్లడం తప్పనిసరట, బైబిల్ కోర్సులు రెండు తీసుకోవాలట, ఏదో ఒప్పంద పత్రం మీద సంతకం కూడా పెట్టాలట. అలాంటి చోట చదివినవాళ్లు గానీ పిల్లల్ని చేర్చినవాళ్లు గానీ ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకొకటి, మేం ఇంకా హెచ్1బీ వర్క్ వీసా మీదే ఉన్నాం, పాపది డిపెండెంట్ వీసా, హెచ్4. దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?


చాపెల్_బ్యాక్‌బెంచ్

అన్నా, నేను డిగ్రీ చేసింది అలాంటి చోటే, దక్షిణాదిలో, పేరు వద్దులెండి. మాదీ సత్యనారాయణ వ్రతాలు చేసుకునే ఇల్లే.

ముందు మీ బంధువుల భయం సంగతి. బలవంతం ఉండదు. చర్చికి రాకపోతే మార్కులు తగ్గిస్తామనో స్కాలర్‌షిప్ ఆపేస్తామనో నాతో ఒక్కరూ అనలేదు. కానీ పిలుపులుంటాయి, అదైతే ఖాయం. పక్క గదివాళ్లు బైబిల్ స్టడీకి రమ్మంటారు, పరీక్ష ముందు రూమ్మేట్ "నీ కోసం కూడా ప్రార్థన చేశా" అంటాడు, ఈస్టర్‌కి వాళ్లింటికి తీసుకెళ్తారు. అందులో కపటం ఏమీ లేదు, వాళ్లు పెరిగిన పద్ధతే అది. "థాంక్స్, నేను రాను" అని నవ్వుతూ చెప్పగలిగే పిల్లకి ఏ ఇబ్బందీ ఉండదు, చెప్పాక మళ్లీ పిలవరు కూడా. మొహమాటం ఎక్కువున్న పిల్లయితే మాత్రం మొదటి సెమిస్టర్ ఊపిరాడనట్టు ఉంటుంది, అందుకని మీ అమ్మాయి ఏ బాపతో మీరే చూసుకోవాలి.

చాపెల్ అంటే మాకు వారంలో కొన్ని రోజులు పొద్దున పెట్టేవాళ్లు. సెమిస్టర్‌కి ఇన్నిసార్లు రావాలని లెక్క, తలుపు దగ్గర ఐడీ కార్డ్ స్కాన్ చేసేవాళ్లు, తగ్గితే ఫైను, మరీ తగ్గితే డీన్ ఆఫీసు నుంచి మెయిలు. పాటలు, ప్రార్థన, తర్వాత ఎవరో ఒకరు మాట్లాడతారు. మనం పాడక్కర్లేదు, కూర్చుంటే చాలు, నేను వెనక వరసలో కూర్చుని కెమిస్ట్రీ చదువుకున్న రోజులు చాలా ఉన్నాయి. అయితే ఖైదీల కేసులు ఉచితంగా వాదించే లాయరు, శరణార్థి శిబిరంలో పనిచేసిన డాక్టరు లాంటివాళ్లు వచ్చినప్పుడు పుస్తకం మూసేసి విన్నాను. బైబిల్ కోర్సులో అడిగేది చరిత్ర, ఏ పుస్తకం ఏ కాలంలో ఎవరిని ఉద్దేశించి రాశారు, పాత నిబంధనలో రాజుల వరస ఏంటి, ఇలాంటివి. నమ్మకానికి మార్కులుండవు. నాకు 'ఏ' గ్రేడొచ్చింది, మా క్లాసులో పాస్టర్ గారబ్బాయికి బీ వచ్చింది, వాడు ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

చిన్న క్లాసులు అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం, నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది కూడా అదే. పెద్ద యూనివర్సిటీల్లో ల్యాబులు గ్రాడ్యుయేట్ స్టూడెంట్లు నడుపుతారు. మాకు అక్కడ గ్రాడ్ స్టూడెంట్లే లేరు కాబట్టి ల్యాబులో కూడా ప్రొఫెసరే ఉండేవారు. రెండు క్లాసులు వరసగా మానేస్తే "బాగున్నావా" అని మెసేజ్ వచ్చేది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో నేను మునిగిపోతుంటే ఆయన సాయంత్రాలు తన ఆఫీసులో కూర్చోబెట్టి బోర్డు మీద మళ్లీ మొదటి నుంచి చెప్పారు, తర్వాత నా రికమండేషన్ లెటర్ కూడా ఆయనే రాశారు, అది మామూలు ఫార్మాట్ లెటర్ కాదు, నా గురించి తెలిసి రాసింది.

బ్రోషర్‌లో రాయనివి కూడా వినండి. కోర్సులు తక్కువ, పైస్థాయి కోర్సులు కొన్ని రెండేళ్లకోసారే వస్తాయి, ఒకటి తప్పితే గ్రాడ్యుయేషన్ వెనక్కి జరిగినట్టే. మేజర్, అంటే మెయిన్ సబ్జెక్టు, మార్చుకోవాలంటే పెద్దగా దారులుండవు. కెరీర్ ఫెయిర్ అని పెడితే ఒక గదిలో అయిపోయింది. శని, ఆదివారాలు క్యాంపస్ ఖాళీ. మనవాళ్లు ఉండరనే అనుకోవాలి. డార్ములు ఆడపిల్లలకి వేరు, మగపిల్లలకి వేరు, ఒకరి గదికి ఒకరు వెళ్లాలంటే వారంలో కొన్ని గంటలే, అదీ తలుపు తెరిచి ఉంచి. ఈ ఒక్క రూల్ విన్నాక మా అమ్మకి ఆ యూనివర్సిటీ మీద అమాంతం గౌరవం పెరిగిపోయింది.


డాలస్_పిన్ని

మీరు క్రిస్టియన్ యూనివర్సిటీ అని ఒక్క మాటలో అనేశారు గానీ వాటిల్లో భూమ్యాకాశాల తేడా ఉందండి. మా చుట్టుపక్కలే చూడండి. ఫోర్ట్ వర్త్‌లో టీసీయూ ఉంది, టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ, 1873 నుంచీ ఉంది, పేరులోనే క్రిస్టియన్, కానీ తప్పనిసరి చాపెల్ లేదు. వేకోలో బేలర్ ఉంది, టెక్సస్ ఇంకా ప్రత్యేక దేశంగా ఉన్న రోజుల్లో, 1845లో పెట్టింది, బాప్టిస్టులది. అక్కడ రెండు సెమిస్టర్లు చాపెల్, రెండు రిలిజియన్ కోర్సులు ఉంటాయి, అయినా అన్ని మతాల పిల్లలూ చదువుతారు, మన పిల్లలు కూడా బాగానే కనిపిస్తారు. ఇటు ఇల్లినాయ్‌లో వీటన్ కాలేజ్ పేరులో మతం ఊసే లేదు, కానీ ప్రొఫెసర్లు విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి, విద్యార్థులు కమ్యూనిటీ కవనెంట్ అనే నియమాల ఒప్పందానికి ఒప్పుకోవాలి. అక్కడ క్యాంపస్‌లో డాన్సు పార్టీకి అనుమతి వచ్చింది 2003లో, కాలేజీ పెట్టింది 1860లో! కాలిఫోర్నియాలో బయోలా లాంటి చోటయితే అండర్‌గ్రాడ్‌లో క్రైస్తవ విశ్వాసం ఉన్నవాళ్లనే తీసుకుంటారు, అక్కడికి మనం అప్లై చెయ్యడమే అనవసరం.

కాథలిక్కులది మళ్లీ ఇంకో దారి. మా పెద్దవాడు జెస్యూట్లు అనే కాథలిక్ గురువుల సంఘం వాళ్ల యూనివర్సిటీలో చదివాడు. తప్పనిసరి చాపెల్ లేదు, థియాలజీ, ఫిలాసఫీ కోర్సులు మాత్రం అందరికీ ఉన్నాయి, ఆ థియాలజీలో వాడు తీసుకున్న కోర్సు ఏదనుకున్నారు, హిందూ మతం, బౌద్ధం! జార్జ్‌టౌన్ కూడా జెస్యూట్లదే, 1789లో మొదలైంది, అక్కడ హిందువుల కోసం చాప్లిన్, అంటే మతపరంగా తోడుండే గురువు, ఉన్నారు, ధర్మాలయ అని ఒక ధ్యాన మందిరం కూడా ఉంది. నోటర్ డామ్‌లో మాత్రం అండర్‌గ్రాడ్ డార్ములు ఇప్పటికీ ఆడ, మగ వేరు.

కాబట్టి మీ అమ్మాయికి వచ్చింది ఏ డినామినేషన్‌దో, అంటే క్రైస్తవంలో ఏ శాఖదో, సంతకం పెట్టమన్న కాగితంలో ఏం రాసుందో చెప్తే ఇక్కడెవరైనా సరిగ్గా చెప్పగలరు. "నేను క్రీస్తుని నమ్ముతున్నాను" అని సంతకం పెట్టమంటే ఒక సంగతి, "ఈ క్యాంపస్ నియమాలు పాటిస్తాను" అంటే వేరే సంగతి. మొదటిది అబద్ధం అవుతుంది కాబట్టి పెట్టకూడదు, రెండోది పాటించగలిగితే పెట్టొచ్చు.


గుంటూరు_క్వయర్

అందరికీ వందనాలు. నేను క్రైస్తవుణ్ణి, మా తాతగారి కాలం నుంచి లూథరన్ సంఘం. మా అబ్బాయి విషయంలో ఇవన్నీ తిరిగి చూసి, చివరికి స్టేట్ యూనివర్సిటీలో చేర్చాం, ఎందుకంటే వాడికి ఇంజనీరింగ్‌లో కావలసిన ల్యాబులు ఆ చిన్న చోట లేవు, ప్రార్థన చేసుకోవడానికి స్టేట్ క్యాంపస్‌లో కూడా ఫెలోషిప్పులు నాలుగైదున్నాయి. క్రైస్తవులైతే చాలు అక్కడ ఇమిడిపోతారని చాలామంది అనుకుంటారు, అదేం లేదు. అమెరికన్ ఇవాంజెలికల్ వాతావరణం మన సంఘాల లాంటిది కాదు, రాజకీయాలు కూడా అందులో కలిసిపోయి ఉంటాయి, మా వాడికి క్యాంపస్ టూర్‌లోనే అర్థమైంది.

పిన్నిగారు కాగితం గురించి చెప్పింది సరైన మాట. దానితోపాటు స్టూడెంట్ హ్యాండ్‌బుక్ మొత్తం చదవండి, వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. చాలా చోట్ల మందు పూర్తిగా నిషేధం, ఇరవయ్యొక్కేళ్లు దాటినా, క్యాంపస్ బయటైనా. పెళ్లికి ముందు సంబంధాలు, స్వలింగ సంబంధాల గురించి రాతపూర్వకంగా నియమాలుంటాయి, తప్పితే చర్య తీసుకునే హక్కు కూడా వాళ్లకుంది, ఎందుకంటే చదువుల్లో లింగ వివక్ష కూడదనే టైటిల్ నైన్ అనే 1972 నాటి చట్టంలో మత సంస్థలు నడిపే విద్యాలయాలకి మినహాయింపు ఉంది. ఇది మీకో నాకో నచ్చడం ముఖ్యం కాదు. ఆ నియమాల కింద బతకాల్సింది మీ అమ్మాయి, తన స్నేహితులు కూడా అక్కడే ఉంటారు. మీరిద్దరూ చదివి తనకి చెప్పడం కాకుండా తననే చదవమనండి.

ఒక మంచి విషయం కూడా చెప్పాలి. సేవ అని వాళ్లు రాసేది ఉత్త మాట కాదు. సెలవుల్లో తుఫాను వచ్చిన ఊళ్లకి వెళ్లి ఇళ్లు కట్టడం, వృద్ధాశ్రమాల్లో పనిచెయ్యడం, ఇవి నిజంగా చేస్తారు. కాకపోతే మిషన్ ట్రిప్ అంటే సువార్త చెప్పడం కూడా అందులో ఉండొచ్చు, సర్వీస్ ట్రిప్ అంటే సాధారణంగా పని మాత్రమే. పేరు చూసుకుని చేరమనండి.


లెక్కల_మాస్టారు

మతం సంగతి అందరూ చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే తర్వాత తగువులన్నీ అక్కడే.

20,000 స్కాలర్‌షిప్ అనగానే మురిసిపోకండి. అమెరికాలో ప్రైవేట్ నాన్‌ప్రాఫిట్ కాలేజీలు మొదటి ఏడాది పిల్లలకి ట్యూషన్‌లో సగటున సగానికి పైగా తగ్గింపు ఇస్తున్నాయి. 38,000లో 20,000 అంటే 52 శాతం పైచిలుకు, అంటే దాదాపు అందరికీ దొరికేదే మీకూ దొరికింది. అసలు ధర 18,000 అనుకుని స్టేట్‌తో పోల్చండి.

ఇప్పుడు లెటర్ మళ్లీ తీయండి. స్కాలర్‌షిప్ ఏటా అంతే ఉంటుందా, ట్యూషన్‌తోపాటు పెరుగుతుందా? చాలా చోట్ల అంతే ఉంటుంది. ట్యూషన్ ఏడాదికి 4 శాతం పెరుగుతుందనుకుందాం. నాలుగో ఏట ట్యూషన్ 42,745 అవుతుంది, మీరు కట్టేది 18,000 కాదు, 22,700 పైన. నాలుగేళ్లకి కలిపితే 81,000 దాటుతుంది. స్టేట్‌లో కూడా అదే 4 శాతం వేస్తే 55,000. అంటే తేడా 26,000 డాలర్లు. దీనికి తోడు స్కాలర్‌షిప్ నిలబడాలంటే ఎంత జీపీఏ ఉండాలో చూడండి, నర్సింగ్‌లో 3.5 నిలబెట్టుకోవడం ఆటలు కాదు. మొదటి రెండు మూడేళ్లు డార్మ్‌లోనే ఉండాలి, మీల్ ప్లాన్ కొనాలి అనే నియమం కూడా చిన్న ప్రైవేట్ కాలేజీల్లో మామూలే, అది కూడా లెక్కలో వేసుకోండి.

రెండోది, ఆ యూనివర్సిటీ నాలుగేళ్లు ఉంటుందా? నవ్వకండి. అలబామాలో మెథడిస్టుల బర్మింగ్‌హమ్-సదరన్ కాలేజ్ 1856లో పెట్టింది, 2024 మే 31న మూసేశారు. పెన్సిల్వేనియాలో కాథలిక్కుల కాబ్రీని యూనివర్సిటీ కూడా 2024లోనే పోయింది. న్యూయార్క్‌లో అలయన్స్ యూనివర్సిటీ 2023లో అక్రెడిటేషన్, అంటే చదువు ప్రమాణాలకి ఇచ్చే గుర్తింపు, పోగొట్టుకుని మూతపడింది. పిల్లలు సగం చదువుతో వేరే చోట్లు వెతుక్కున్నారు. రెండు వేల లోపు పిల్లలున్న చోట ఈ ప్రశ్న వెయ్యడంలో తప్పులేదు. ఎన్‌రోల్‌మెంట్ పెరుగుతోందా తగ్గుతోందా అనేది ప్రభుత్వం వాళ్ల కాలేజ్ నావిగేటర్ సైట్‌లో దొరుకుతుంది. ఫెడరల్ విద్యాశాఖ ప్రైవేట్ కాలేజీలకి ఆర్థిక ఆరోగ్యం మీద మైనస్ 1 నుంచి 3 వరకు స్కోరు కూడా ఇస్తుంది, 1.5 కన్నా తక్కువుంటే జాగ్రత్త పడాలి.

అక్రెడిటేషన్ కూడా చూడండి. మీ మిడ్‌వెస్ట్‌లో చాలావాటికి హయ్యర్ లెర్నింగ్ కమిషన్ అనే సంస్థ గుర్తింపు ఉంటుంది, ఉంటే సరే. ట్రాక్స్, ఏబీహెచ్ఈ అని క్రైస్తవ విద్యాసంస్థల కోసం ప్రత్యేకంగా ఉన్న అక్రెడిటర్లు కూడా ఉన్నాయి, అవీ ప్రభుత్వ గుర్తింపు ఉన్నవే, కానీ వాటి క్రెడిట్లని వేరే యూనివర్సిటీకి మార్చుకునేటప్పుడు కొన్ని చోట్ల పేచీలొస్తాయి.


నైట్‌షిఫ్ట్_అక్క

మాస్టారూ, మీ లెక్కలో ఒక ముఖ్యమైన సంగతి లేదు. నర్సింగ్‌కి ఆ 26,000 తేడా చూసి తీర్మానించకూడదు.

నేను ఐసీయూ నర్సుని, కొత్తగా చేరే పిల్లలకి ట్రైనింగ్ ఇస్తుంటాను. స్టేట్ వాళ్లు రాసిన ప్రీ-నర్సింగ్ అంటే సీటు ఇచ్చినట్టు కాదు తమ్ముడూ. ఒకటి రెండేళ్లు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ చదివి, ఆ మార్కులతో మళ్లీ నర్సింగ్ స్కూల్‌కి అప్లై చెయ్యాలి, వందల మంది పోటీ. మంచి మార్కులొచ్చినా సీటు రాక మేజర్ మార్చుకున్న పిల్లలు, ఒక ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించినవాళ్లు నాకు తెలుసు. డైరెక్ట్ అడ్మిట్ అంటే మొదటి రోజు నుంచీ నర్సింగ్ సీటు తనదే, నిర్ణీత మార్కులు తెచ్చుకుంటూ ఉంటే చాలు. ఒక ఏడాది వృథా అయితే ఆ ఏడాది ట్యూషను, ఆ ఏడాది రావలసిన జీతం రెండూ పోతాయి, మీ 26,000 అక్కడే చెల్లిపోతుంది. ఆ యూనివర్సిటీ ఇస్తున్న వాటిలో స్కాలర్‌షిప్ కన్నా చాపెల్ కన్నా పెద్దది ఈ సీటే.

అయితే ఆ సీటు మంచిదో కాదో చూసుకోవాలి. నర్సు లైసెన్స్ కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష మొదటిసారే పాసైనవాళ్ల శాతం మీ రాష్ట్ర బోర్డ్ ఆఫ్ నర్సింగ్ సైట్‌లో ప్రతి కాలేజీకీ పెడతారు. ఒక్క ఏడాదిది కాదు, నాలుగైదేళ్లవి వరసగా చూడండి, మధ్యలో ఒక ఏడాది దబ్బున పడిపోయిందంటే ఎందుకని అడగండి. ఆ శాతం ఒక్కటే చూసి కూడా మోసపోవద్దు. కొన్ని చోట్ల బలహీనంగా ఉన్న పిల్లల్ని మూడో ఏడాదిలోనే బయటికి పంపేసి, మిగిలిన గట్టి పిల్లలతో పరీక్ష రాయించి 98 శాతం అని బోర్డు పెట్టుకుంటారు. అందుకని "ఫ్రెష్‌మన్‌గా నర్సింగ్‌లో చేరిన నూరు మందిలో నర్సింగ్ డిగ్రీతో బయటికొచ్చేది ఎంతమంది" అని అడగండి. ఎదుటివాళ్లు మాట మార్చితే మీకు జవాబు దొరికినట్టే. ప్రోగ్రామ్‌కి సీసీఎన్ఈ గానీ ఏసీఈఎన్ గానీ, అంటే నర్సింగ్ కోర్సులని చూసే సంస్థల అక్రెడిటేషన్ ఉండాలి, ఇది యూనివర్సిటీకి ఉన్నది కాక విడిగా.

క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో ట్రైనింగ్, ఎక్కడ? చిన్న ఊళ్లో క్యాంపస్ అయితే పెద్ద ఆసుపత్రి దూరంగా ఉంటుంది, తెల్లవారకముందే లేచి మంచులో డ్రైవ్ చెయ్యాలి, కారు కొనాలి. పిల్లల వార్డు, కాన్పుల వార్డు చూసే అవకాశం అసలు ఉందా, లేక సిమ్యులేషన్ ల్యాబులో బొమ్మలతో సరిపెడతారా?

ఉద్యోగానికి మాత్రం క్రిస్టియన్ అన్న పేరు అడ్డం కాదు, ఎక్కువా కాదు. లైసెన్స్ ఉందా, క్లినికల్స్ ఎక్కడ చేశావు, ఇవే అడుగుతాం. ఒకటి మాత్రం నా కంటితో చూశాను. ఆ కాలేజీల్లో రోగి విశ్వాసాన్ని, చావుని ఎలా ఎదుర్కోవాలో చెప్పే పాఠాలు గట్టిగా ఉంటాయి. కొత్తగా వచ్చిన పిల్లల్లో, చనిపోతున్న మనిషి పక్కన కంగారుపడకుండా కూర్చోగలిగేవాళ్లలో అక్కణ్ణించి వచ్చినవాళ్లు ఎక్కువే.


ఎప్పుడొస్తుందో_జీసీ

హెచ్4 గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. మీ అమ్మాయికి ఫెడరల్ గ్రాంట్లు, ఫెడరల్ లోన్లు రావు. లెటర్‌లో ఉన్న 20,000 మొత్తం యూనివర్సిటీ సొంత డబ్బేనా, అందులో ఫెడరల్‌దో రాష్ట్రానిదో కలిపారా అని అడగండి. వర్క్-స్టడీ (క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునే సాయం) అని ఏదైనా రాసుంటే కొట్టేసుకోండి, అది ఫెడరల్‌దే, పైగా హెచ్4 మీద పిల్లలు పని చెయ్యకూడదు.

ఇరవయ్యొకటి నిండేలోపు గ్రీన్‌కార్డ్ రాకపోతే స్టూడెంట్ వీసా ఎఫ్1కి మారాలి, అది సరిగ్గా థర్డ్ ఇయర్‌లో పడుతుంది. ఎఫ్1కి మారితే ఇన్-స్టేట్ ఫీజు ఉంటుందా ఊడుతుందా అనేది రాష్ట్రాన్ని బట్టి, ఒక్కోచోట ఒక్కో రూలు. ప్రైవేట్‌లో ఆ గొడవ లేదు, అందరికీ ఒకటే ట్యూషన్. మా అమ్మాయికి మేం ప్రైవేట్ వైపు మొగ్గింది ఇందుకే. కాకపోతే వాళ్లకి ఐ-20 (ఎఫ్1కి కావలసిన యూనివర్సిటీ పత్రం) ఇచ్చే అనుమతి ఉందో లేదో, ఎఫ్1కి మారినా స్కాలర్‌షిప్ కొనసాగుతుందో లేదో మెయిల్‌లో రాయించుకోండి. ఎఫ్1లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చెయ్యొచ్చు. చదువయ్యాక పని చెయ్యనిచ్చే ఓపీటీ ఏడాదే, నర్సింగ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు కాబట్టి పొడిగింపు రాదు. ఇది స్టేట్‌లో చదివినా అంతే. ఇంకో ఏడాది మేజర్ కోసం ఆగడం మనలాంటివాళ్లకి అస్సలు కుదరదు, ఆ విషయంలో అక్క మాటే నా మాట.


మిడ్‌వెస్ట్_నాన్న

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇన్ని సంగతులు బ్రోషర్లో ఏ మూలా లేవు. పిన్నిగారూ, కాగితం తీసి చదివాం. విశ్వాసం గురించి ఏమీ లేదు, "ఈ సమాజపు నియమాలు పాటిస్తాను" అనే ఉంది. మందు, సిగరెట్లు, డార్ముల గంటలు, చాపెల్ సెమిస్టర్‌కి ఇరవై. గుంటూరు అన్నగారు చెప్పినట్టు హ్యాండ్‌బుక్ పాపకే ఇచ్చాం. ఒక రాత్రంతా చదివి, రెండు నియమాలు తనకి నచ్చలేదని, అయినా వెళ్తానని చెప్పింది. ఆ రెండూ ఏంటో వాళ్లమ్మకి చెప్పింది, నాకు చెప్పలేదు.

అక్కా, ఎన్‌క్లెక్స్ శాతాలు చూశాను, ఐదేళ్లూ బాగానే ఉన్నాయి. చేరిన నూరు మందిలో ఎంతమంది అన్నదానికి అడ్మిషన్స్ వాళ్లు "నర్సింగ్ డిపార్ట్‌మెంట్‌ని అడిగి చెప్తాం" అన్నారు, ఇంకా చెప్పలేదు. శుక్రవారం అడ్మిటెడ్ స్టూడెంట్స్ డే ఉంది, వెళ్తున్నాం. మాస్టారూ, స్కాలర్‌షిప్ పెంచమని అడగొచ్చా? మనవాళ్ల బేరం అనుకుంటారేమో.


లెక్కల_మాస్టారు

అనుకోరు, రోజూ అడిగించుకుంటారు. స్టేట్ ఆఫర్ కాపీ జతచేసి, "పాపకి మీ దగ్గరే చేరాలనుంది, తేడా ఇంత ఉంది, పరిశీలించండి" అని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మర్యాదగా మెయిల్ పెట్టండి. ఏప్రిల్ మధ్యలోపు అడగండి, చేరతామని చెప్పే గడువు మే 1 దగ్గరికొచ్చేసరికి డబ్బు అయిపోతుంది. పెంచకపోయినా, ట్యూషన్ పెరిగినంత స్కాలర్‌షిప్ కూడా పెంచమని అడిగి చూడండి, దానికి ఒప్పుకున్నవాళ్లున్నారు.


నైట్‌షిఫ్ట్_అక్క

శుక్రవారం వెళ్లినప్పుడు అడ్మిషన్స్ వాళ్లు చూపించే పిల్లల్ని కాదు, సిమ్యులేషన్ ల్యాబ్ దగ్గర స్క్రబ్స్ వేసుకుని తిరిగే జూనియర్లని, అంటే థర్డ్ ఇయర్ పిల్లల్ని పట్టుకోండి, మీతో చేరిన వాళ్లలో ఎంతమంది మిగిలారు అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. నర్సింగ్ సీటుకి డిపాజిట్ కొన్ని చోట్ల విడిగా ఉంటుంది, గడువు మే 1 కన్నా ముందే ఉండొచ్చు, అది కూడా అప్పుడే కనుక్కోండి.